రెండో జెర్సీ

1978 జూన్ 10. అర్జెంటీనా సముద్రతీర పట్టణం మార్ దెల్ ప్లాతా. ప్రపంచకప్‌లో ఫ్రాన్స్, హంగరీ తలపడాలి. రెండు జట్లూ అప్పటికే రెండేసి మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టడం ఖాయమైపోయింది. ఆటగా చూస్తే గుర్తుపెట్టుకోవాల్సినంత విశేషమేమీ లేదు. కానీ జెర్సీల పిచ్చి ఉన్న ఫుట్‌బాల్ అభిమాని ఎవరిని కదిపినా ముందు ఈ మ్యాచ్ సంగతే ఎత్తుతాడు. జట్లు బయటికొచ్చేసరికి ఇటూ తెల్ల చొక్కాలే, అటూ తెల్ల చొక్కాలే. ఫ్రాన్స్ వాళ్ల నీలం జెర్సీలు నాలుగు వందల కిలోమీటర్ల అవతల బ్యూనస్ ఐర్స్‌లో ఉండిపోయాయి.

ఎవరో ఊళ్లోని కింబర్లీ అనే క్లబ్బుకు పరిగెత్తారు. అక్కడ దొరికినవి ఆకుపచ్చ, తెలుపు నిలువు చారల చొక్కాలు. ముప్పావుగంట దాకా ఆలస్యమయ్యాక మిషెల్ ప్లాతినీ లాంటివాళ్లున్న ఫ్రాన్స్ ఆ ఊరి క్లబ్బు బట్టల్లో ప్రపంచకప్ ఆడింది. కొందరికి వీపు మీద ఒక నంబరు, నిక్కరు మీద ఇంకో నంబరు. అయినా 3-1తో గెలిచింది.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడ నవ్వి ఊరుకుంటారు. అసలు తమాషా దీని వెనకాల ఉంది. ఫ్రాన్స్‌ది నీలం, హంగరీది ఎరుపు. చూడ్డానికి ఏమాత్రం పోలికలేని రంగులు. ఎవరి చొక్కా వాళ్లు వేసుకుని ఆడితే పోయేదానికి ఒకరిని తెల్ల చొక్కా తొడుక్కోమని ముందే ఎందుకు చెప్పినట్టు? మారాల్సింది ఒక్క జట్టే. కబురులో ఎక్కడో తేడా వచ్చి ఇద్దరూ మారారు, అది వేరే సంగతి. ఆ మార్పు అవసరమని ఎందుకు అనుకున్నారన్నదే ప్రశ్న.

దానికి జవాబు టీవీ.

ఆ ప్రపంచకప్‌ను అర్జెంటీనా విదేశాలకు రంగుల్లో పంపించింది గానీ స్వదేశంలో జనం చూసింది నలుపు తెలుపుల్లోనే. అక్కడ రంగుల ప్రసారాలు 1980లో మొదలయ్యాయి. మన దేశంలోనైతే 1982 ఢిల్లీ ఆసియా క్రీడల సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చింది. లోకంలో కోట్లమంది ఇళ్లలో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ పెట్టే. ఆ పెట్టెలో ఫ్రాన్స్ నీలం, హంగరీ ఎరుపు రెండూ ఒకే రకం ముదురు బూడిద రంగులో కనిపిస్తాయి. బంతి ఎవరి కాలి దగ్గర ఉందో వ్యాఖ్యాత చెబితే తప్ప తెలియదు.

రంగును బూడిదగా మార్చడానికి టీవీ ఇంజినీర్లు వాడిన లెక్క చాలా చిన్నది. 1953లో అమెరికా రంగుల టీవీ ప్రమాణాన్ని ఖరారు చేసినప్పుడు పాత పెట్టెలు పనికిరాకుండా పోకూడదన్నది షరతు. అందుకని కెమెరా పట్టుకున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని ఒక పాళ్ల ప్రకారం కలిపి, వెలుగు ఎంతో చెప్పే సంకేతాన్ని విడిగా పంపించారు. ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం. మూడూ సమానంగా ఎందుకు లేవు? మనిషి కన్ను వాటిని సమానంగా చూడదు కాబట్టి. ఒకే శక్తితో వెలిగించినా ఆకుపచ్చ దీపం మనకు కాంతివంతంగా, నీలం దీపం మసకగా అనిపిస్తుంది. ఇంజినీర్లు ఆ పక్షపాతాన్ని కొలిచి యథాతథంగా సర్క్యూట్‌లో పెట్టేశారు.

ఈ పాళ్లు పెట్టుకుని జెర్సీల్ని తూచవచ్చు. తెలుపు 100 అనుకుంటే, ఎరుపు ఆకుపచ్చ కలిసిన పసుపు 89. స్వచ్ఛమైన ఆకుపచ్చ 59, ఎరుపు 30, నీలం 11. ఫ్రాన్స్ వేసుకునేది స్వచ్ఛమైన నీలం కాదు. కొంచెం ఆకుపచ్చ వెలుగు కలిసిన నీలం కాబట్టి 11 దగ్గర ఆగకుండా ఎగబాకి ఎరుపు పక్కకు చేరుతుంది. పచ్చిక కూడా 59 ఉండదు, నిజమైన గడ్డి అంతకన్నా చాలా ముదురు. అంటే ఎర్ర జెర్సీ, నీలం జెర్సీ, గడ్డి, మూడూ ఒకే మెట్టు చుట్టుపక్కల తచ్చాడతాయి. తెలుపో పసుపో ఒక్కటే పైనెక్కి కూర్చుంటుంది. ఇప్పటి ఫోన్లలో తెరను నలుపు తెలుపుకి మార్చే వెసులుబాటు సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది నొక్కి ఏదైనా మ్యాచ్ పెట్టి చూస్తే చాలు, ఏ జెర్సీ జంట నిలుస్తుందో ఏది కూలుతుందో అర నిమిషంలో తేలిపోతుంది.

సరే, ఇప్పుడు అందరి దగ్గరా రంగుల తెరలే ఉన్నాయి కదా, ఈ బూడిద లెక్కతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. మన తలలో కూడా ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ నడుస్తూనే ఉంటుంది.

కంటి లోపలి తెర మీద, పగటి వెలుగులో పనిచేసే శంకు కణాలు మూడు రకాలు. పొడుగు తరంగాలకు స్పందించేవి, మధ్యరకం వాటికి, పొట్టి వాటికి. అవి పంపే కబురు మెదడుకు ఒకే దారిలో పోదు. ఒక దారి మొదటి రెండు రకాల సంకేతాల్ని కూడుతుంది. దానికి కావాల్సింది వెలుగెంత అన్నదే, రంగుతో పెద్దగా నిమిత్తం లేదు. ఈ దారిలోని కణాలు పెద్దవి, చురుకైనవి, కదలికను పసిగట్టడంలో దిట్టలు. ఇంకో దారిలో చిన్న కణాలుంటాయి. అవి ఆ రెండు సంకేతాల మధ్య తేడా తీస్తాయి, ఎరుపా ఆకుపచ్చా అన్నది అక్కడ తేలుతుంది. సన్నటి వివరాలు కూడా వీటి పనే, కానీ వేగం తక్కువ. చొక్కా ఏ రంగో చెప్పేది చిన్న కణాల దారి. ఎవరో ఇటు పరిగెత్తి వస్తున్నారని ముందుగా చెప్పేది పెద్ద కణాల దారి.

చిన్న కణాల దారికి మాత్రమే తెలిసేలా, పెద్ద కణాల దారికి అసలు తెలియకుండా ఒక బొమ్మ తయారు చేస్తే ఏమవుతుంది? మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి బ్రిటన్ వెళ్లిన వి.ఎస్. రామచంద్రన్, అక్కడి రిచర్డ్ గ్రెగరీతో కలిసి సరిగ్గా ఈ పనే చేశాడు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల గుంపు. అందులో కొంత భాగం అటూ ఇటూ జరుగుతుంటుంది. ఎరుపుకీ ఆకుపచ్చకీ వెలుగులో తేడా ఉన్నంతసేపూ ఆ కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. రెండింటి వెలుగూ సమానమయ్యేలా మీట తిప్పుకుంటూ వస్తే ఒకచోట, రంగులు రెండూ కళ్లెదుటే ఉంటాయి గానీ కదలిక మాత్రం మాయమైపోతుంది. వాళ్ల పరిశోధన అచ్చయింది కూడా 1978లోనే. కదలిక ఎప్పుడూ పూర్తిగా పోదు, మందగిస్తుంది అని తర్వాతి పరిశోధకులు సవరించారు. వెలుగు సమానంగా ఉన్న రంగు గీతల్ని కదిలించి చూస్తే, అసలు వేగం కన్నా నింపాదిగా సాగుతున్నట్టు తోస్తాయన్నమాట.

గోల్ ముందు పాస్ కోసం చూస్తున్న ఆటగాడికి ఈ మందగింపు ఎంత ముఖ్యమో ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వాడు నిలబడి జట్టువాళ్లను తీరిగ్గా లెక్కపెట్టడు. కన్ను బంతి మీద ఉంటుంది. తల ఎత్తి ఒక్క చూపు విసిరి మళ్లీ దించుతాడు. కంట్లో వివరాలు తేటగా కనిపించే భాగం చాలా చిన్నది, చాచిన చేతి బొటనవేలి గోరు మూసేంత. మిగతా చూపంతా పక్కచూపే, అక్కడ రంగు వెలిసిపోతుంది, వెలుగూ కదలికా మిగులుతాయి. కుడివైపు నుంచి దూసుకొస్తున్న చొక్కా తనవాడిదా కాదా అన్న నిర్ణయం ఎక్కువసార్లు ఈ పక్కచూపులోనే జరిగిపోతుంది.

చారల చొక్కాల కిటుకు కూడా ఇక్కడే ఉంది. ఆరోగ్యమైన కన్ను నేరుగా చూసినప్పుడు, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు గీతల్ని విడదీయగలదు. వంద మీటర్ల దూరంలో అది మూడు సెంటీమీటర్లకు సమానం. అయిదు సెంటీమీటర్ల చారలైతే నూట డెబ్బై మీటర్ల దాకా విడివిడిగా తెలుస్తాయి కాబట్టి స్టేడియంలో కూర్చున్నవాడికి ఇబ్బంది లేదు. కానీ చూపు మధ్య నుంచి ఇరవై డిగ్రీలు పక్కకు జరిగితే ఈ శక్తి సుమారు పదో వంతుకు పడిపోతుంది. అప్పుడవే చారలు పదిహేడు మీటర్ల దగ్గరే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎరుపు తెలుపు చారలు లేత గులాబీ ముద్దగా, నీలం తెలుపు చారలు లేత నీలం ముద్దగా మారతాయి. ఫ్రాన్స్ అరువు తెచ్చుకున్న కింబర్లీ చొక్కా ఈ లెక్కలో లేత ఆకుపచ్చ. హంగరీ తెలుపు ముందు అదేమంత గొప్ప ఎంపిక కాదు. ఆ సాయంత్రం ఎంపిక చేసుకునే తీరిక ఎవరికుంది?

చారల జట్టుతో ఆడేటప్పుడు బూడిద చొక్కా వేసుకోవడం ఎంత తెలివితక్కువో 1996 ఏప్రిల్ 13న మాంచెస్టర్ యునైటెడ్‌కు తెలిసొచ్చింది. సౌతాంప్టన్ వాళ్ల పాత మైదానం ద డెల్. ఆతిథ్య జట్టుది ఎరుపు తెలుపు చారలు, యునైటెడ్‌ది కూడా ఎరుపే కాబట్టి ఆ ఏటి రెండో జెర్సీ తొడుక్కున్నారు. అచ్చంగా బూడిద రంగు. జీన్స్ ప్యాంటు మీదికి బాగుంటుందని దాన్ని తయారుచేశారని అప్పట్లో వెక్కిరింతలు నడిచాయి. మొదటి సగం ముగిసేసరికి సౌతాంప్టన్ 3-0 ఆధిక్యంలో ఉంది. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ విరామంలో అందరి చేతా ఆ చొక్కాలు విప్పించి నీలం తెలుపు చారలవి వేయించాడు. రెండో సగంలో యునైటెడ్ ఇంకో గోల్ ఇవ్వలేదు, ఒకటి కొట్టింది. 3-1తో ఓడింది. వెనకాల ఉన్న జనంలో తోటి ఆటగాళ్లు కలిసిపోయి కనిపించడం లేదని ఫెర్గూసన్ చెప్పాడు. లీగ్ నిర్వాహకులు మధ్యలో జెర్సీ మార్చినందుకు 10,000 పౌండ్ల జరిమానా వేశారు. ఇంగ్లండ్ మొత్తం పగలబడి నవ్వింది.

నవ్వడం తేలిక. కానీ లెక్క వేసి చూస్తే అతని మాటలో పస ఉంది. ఎరుపు 30, తెలుపు 100, సగం సగం కలిస్తే 65. యునైటెడ్ బూడిద కూడా ఆ చుట్టుపక్కలదే. ప్రేక్షకుల స్టాండు అంటే వందల రంగుల కలగాపులగం, కళ్లకు అదీ ఒక మధ్యరకం బూడిదే. ఆ చొక్కాకు సొంత రంగు లేదు, కాబట్టి చిన్న కణాల దారి సాయం చేయదు. వెలుగులో తేడా లేదు, కాబట్టి పెద్ద కణాల దారీ చేతులెత్తేస్తుంది. సీజన్ మొదటి మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా చేతిలో 3-1 పరాజయంతో మొదలై, ఆ జెర్సీలో ఆడిన అయిదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడి ఒకటి డ్రా చేసుకున్నారు. అదే జట్టు ఆ ఏడాది లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచింది. అయితే, అయిదు మ్యాచ్‌లతో ఏదీ రుజువు కాదు. పైగా మార్చుకున్న నీలం తెలుపు చారలు కూడా కలిపి చూస్తే 55 చుట్టూనే తేలతాయి, వెలుగు లెక్కలో గొప్ప మెరుగేమీ లేదు. నీలానికీ ఎరుపుకీ రంగు తేడా ఉండటం ఒక్కటే దాని బలం. బూడిదకు అదీ లేదు.

రంగు తేడా మీదే ఆధారపడితే వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. అందరికీ అది కనిపించదు. యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. ఆ రెండు రకాల శంకు కణాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. మగవాళ్లకు ఒక్క ఎక్స్ మాత్రమే ఉంటుంది కాబట్టి లోపం వస్తే కప్పిపుచ్చడానికి రెండోది లేదు. ఆడవాళ్లలో ఇది రెండు వందల మందిలో ఒకరికి. మైదానంలో ఉన్న ఇరవై ఇద్దరిలో ఒకరో ఇద్దరో ఇలాంటివాళ్లు ఉండే అవకాశం బాగా ఉందన్నమాట.

డెన్మార్క్ మిడ్‌ఫీల్డర్ థామస్ డెలేనీ అలాంటివాడే. 2018 ప్రపంచకప్‌కు ముందు డెన్మార్క్, మెక్సికోల సన్నాహక మ్యాచ్ జరిగింది. ఒకరిది ఎరుపు, ఒకరిది ఆకుపచ్చ. ఎవరు ఎవరో తనకు తెలియడం కష్టమైందని అతను ఆ తర్వాత డెన్మార్క్ రేడియోలో చెప్పాడు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడు కాదు, ఆ మ్యాచ్‌లో ఆడినవాడు! కొద్ది రోజులకే మాస్కోలో ప్రపంచకప్ మొదటి మ్యాచ్, ఎర్ర జెర్సీల రష్యా మీద ఆకుపచ్చ జెర్సీల సౌదీ అరేబియా. రష్యా అయిదు గోల్స్ కొట్టింది. వర్ణాంధత్వం ఉన్న ప్రేక్షకులు ఆ తొంభై నిమిషాలూ ఏం చూశారో వాళ్లకే తెలియాలి.

1978లో బ్లాక్ అండ్ వైట్ పెట్టె ముందు కూర్చున్నవాడికీ, 2018లో ఈ ప్రేక్షకుడికీ కావాల్సింది ఒకటే: ఒకరు ముదురు, ఒకరు లేత. పాత టీవీల పుణ్యమా అని నిర్వాహకులు ఒకప్పుడు బూడిద పరీక్ష పెట్టేవాళ్లు. ఇళ్లలోకి రంగుల టీవీలు రాగానే ఆ పరీక్ష అక్కర్లేదనిపించింది. నలభై ఏళ్ల తర్వాత రష్యా మ్యాచ్ చూపించినదేమిటంటే, పెట్టె మారింది గానీ కన్ను మారలేదని. ఇప్పుడు ప్రపంచకప్‌కు వచ్చే ప్రతి జట్టూ ఒక ముదురు జెర్సీ, ఒక లేత జెర్సీ చూపించాలన్నది ఫిఫా నిబంధన.

ఇంతకీ మార్చుకోవాల్సింది ఎవరు? కంటికి ఈ ప్రశ్నతో పని లేదు, ఎవరు మారినా దానికి ఒకటే. అభిమానుల కొట్లాటంతా ఇక్కడే.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ పుట్టిన రెండేళ్లకు, 1890లో, ఏ రెండు జట్లూ ఒకే రంగు నమోదు చేసుకోకూడదని రూలు పెట్టారు. జట్లు పెరిగేకొద్దీ రంగులు చాల్లేదు. ఆ రూలు ఎత్తేసి, ప్రతి జట్టూ వేరే రంగు చొక్కాలు ఇంకో జత దగ్గర పెట్టుకోవాలన్నారు. రెండో జెర్సీ అలా పుట్టింది. మొదట్లో రంగులు కలిస్తే మార్చుకోవాల్సింది ఆతిథ్య జట్టు. రైల్లో ఊళ్లు దాటి వచ్చినవాళ్లను ఇంకో మూట మోసుకు రమ్మనడం మర్యాద కాదు, పైగా ఇంటి జట్టుకు బీరువా పక్కనే ఉంటుంది. చాలా సబబైన పద్ధతి. 1921లో దాన్ని తలకిందులు చేసి, వచ్చినవాళ్లే మార్చుకోవాలన్నారు. నేటికీ సాగుతున్నది అదే.

మరి తటస్థ మైదానమైతే? 1933 ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఎవర్టన్, మాంచెస్టర్ సిటీ రెండింటిదీ నీలమే. గొడవెందుకని ఇద్దరిచేతా మార్పించారు. ఎవర్టన్ తెలుపు, సిటీ ఎరుపు. ఎఫ్ఏ కప్ ఫైనల్లో వీపుల మీద నంబర్లు వేయడం కూడా అదే మొదటిసారి, ఎవర్టన్‌కు 1 నుంచి 11, సిటీకి 12 నుంచి 22. ఇద్దరూ మారడం న్యాయంగానే ఉంటుంది, కానీ ఇద్దరి అభిమానులూ ఏడుస్తారు. 2014 ప్రపంచకప్‌లో స్పెయిన్, నెదర్లాండ్స్ ఇలాగే ఆడాయి, స్పెయిన్ తెలుపులో, నెదర్లాండ్స్ నీలంలో. ఎరుపూ లేదు, నారింజా లేదు. దానికి నాలుగేళ్ల ముందు ఇవే జట్లు ఫైనల్లో తలపడ్డప్పుడు స్పెయిన్ ముదురు నీలం వేసుకుని గెలిచింది. కప్పు అందుకునే ముందు మాత్రం ఆటగాళ్లంతా గబగబా ఎర్ర జెర్సీల్లోకి మారిపోయారు. ఫొటోలో నీలం ఉండకూడదు మరి.

కొన్ని రెండో జెర్సీలకు మాత్రం మొదటిదాన్ని మించిన అదృష్టం పట్టింది. 1958లో బ్రెజిల్‌కు ప్రపంచకప్ ఫైనల్ స్వీడన్‌లో, స్వీడన్‌తో. ఇద్దరిదీ పసుపే. బ్రెజిల్ దగ్గర ఇంకో జత లేదు. స్టాక్‌హోం దుకాణంలో నీలం చొక్కాలు కొని, పసుపు చొక్కాల మీది చిహ్నాలు ఊడదీసి వాటికి కుట్టారు. పదిహేడేళ్ల పెలే రెండు గోల్స్ కొట్టిన, బ్రెజిల్ 5-2తో మొదటిసారి ప్రపంచకప్ గెలిచిన ఆ చొక్కా అంగట్లో కొన్నదే. అదే టోర్నీలో అర్జెంటీనా కూడా రెండో జెర్సీ లేకుండా వచ్చి, పశ్చిమ జర్మనీ తెలుపు ముందు నిలబడటానికి ఐఎఫ్‌కే మాల్మో అనే స్థానిక క్లబ్బు పసుపు చొక్కాలు అరువు తీసుకుంది. 3-1తో ఓడింది. ఆ చొక్కా సంగతి ఎవరూ ఎత్తరు. ఆర్సెనల్ అభిమానులనడిగితే ఎరుపు కన్నా పసుపు గురించే ఎక్కువసేపు మాట్లాడతారు. 1971 ఎఫ్ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను ఓడించింది పసుపులో. 1989లో లివర్‌పూల్ సొంత మైదానంలోనే, ఆఖరి మ్యాచ్ అదనపు సమయంలో మైకేల్ థామస్ గోల్‌తో 2-0 చేసి లీగ్ ఎగరేసుకుపోయింది కూడా పసుపులోనే. లివర్‌పూల్ ఎరుపు ముందు పసుపు, ముప్పై ముందు ఎనభై తొమ్మిది. కళ్లకు ఇంతకన్నా తేలికైన జంట మైదానంలో అరుదుగా దొరుకుతుంది.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేయవచ్చు. 1970ల్లో అడ్మిరల్ లాంటి బ్రిటిష్ కంపెనీలు ఆటగాళ్లు వేసుకునే జెర్సీనే పిల్లలకు అమ్మవచ్చని కనిపెట్టాయి. రెండో జెర్సీ రంగు అక్కడి నుంచి అమ్మకాల చేతుల్లోకి పోయింది. 1978లో కోవెంట్రీ సిటీకి చాక్లెట్ గోధుమరంగు చొక్కా వచ్చింది. ఫుట్‌బాల్ చరిత్రలో కెల్లా వికారమైనది అదేనని ఒకరు, కాదు అందమైనది అదేనని ఇంకొకరు ఇప్పటికీ వాదించుకుంటారు. ప్రీమియర్ లీగ్ మొదలైన 1992లో రెఫరీలకు ఆకుపచ్చ చొక్కాలు తొడిగారు. అంతవరకూ రెఫరీకే సొంతమైన నలుపు అలా జట్లకు దొరికింది, మరుసటి ఏడే మాంచెస్టర్ యునైటెడ్ నల్ల జెర్సీ అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత మూడో జెర్సీ. ఇవాళ పెద్ద క్లబ్బులన్నీ ఏటా మూడు కొత్తవి తెస్తున్నాయి. వాటిలో మూడోది రంగులు కలిసినందుకు వేసుకున్న సందర్భాల కన్నా అమ్ముకోవడానికి వేసుకున్న సందర్భాలే ఎక్కువగా కనిపిస్తాయి. గోల్‌కీపర్లిద్దరికీ తలా మూడు రంగులు, రెఫరీకి నాలుగు అనుకుంటే ఒక్క మ్యాచ్‌కు మూడు వందల ఇరవై నాలుగు కలయికలు. ఇన్ని ఉండి కూడా ప్రతి సీజన్‌లో ఎక్కడో ఒకచోట రెండు జట్లూ తెర మీద ఒకే ముద్దలా కనిపించి అభిమానులు తల పట్టుకుంటూనే ఉన్నారు.

మనవాళ్లకు ఈ గొడవ బాగా దగ్గరగా వచ్చింది 2022 మార్చి 20న. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. ఇద్దరిదీ పసుపే.  కోవిడ్ మూలాన సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి మడ్‌గావ్ ఫతోర్దా స్టేడియం ఇద్దరికీ సొంతం కాదు. అయినా కాగితం మీద ఎవరో ఒకరు ఇంటి జట్టు కావాలి. లీగ్ పట్టికలో హైదరాబాద్ రెండోది, కేరళ నాలుగోది. పసుపు హైదరాబాద్‌కు దక్కింది, కేరళ నలుపు ప్రధానంగా ఉన్న రెండో జెర్సీలో దిగింది.

కేరళ అభిమానులు భగ్గుమన్నారు. వాళ్ల దృష్టిలో పసుపు అంటే వట్టి చొక్కా కాదు, స్టాండ్లలో వాళ్ల సైన్యం పేరే 'మంజప్పడ', పసుపు దండు. ఆ దండు వేలాదిగా గోవా తరలివచ్చి గ్యాలరీలన్నీ పసుపుమయం చేస్తే, కింద గడ్డి మీద పసుపు వేసుకుని పరిగెత్తేది ఎదుటి జట్టు. రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందంజ వేసింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు, 3-1. పసుపు ఇచ్చి ఉంటే ఫలితం మారేదని అనుకునేవాళ్లు కొచ్చిలో ఇప్పటికీ దొరుకుతారు. 1921కి ముందటి ఇంగ్లిష్ రూలు గనక అమలులో ఉండి ఉంటే ఇంటి జట్టుగా మార్చుకోవాల్సింది హైదరాబాదే, పసుపు కేరళకు వచ్చేది. నలుపు ఎవరు వేసుకున్నా, పసుపు ఎవరు వేసుకున్నా, పక్కచూపుతో పాస్ ఇచ్చే ఆటగాడికి మాత్రం ఆ రాత్రి ఏ ఇబ్బందీ లేదు.